ఒంటి చుక్క

"అయిపోయింది మేడం. వెళ్ళిపోతున్నానని పెళ్ళానికి రాసి మరీ వెళ్ళాడు మనిషి. ఇందులో డిటెక్టివ్‌కి పనేముంది?" అంటూ ఇన్‌స్పెక్టరు పెన్ను మూత బిగించాడు.

ఆయన పెన్ను మూత బిగించాడంటే కేసు మూసేసినట్టే. ఆ 'టక్' అన్న చప్పుడు తంతి పిన్నికి కొత్త కాదు. ముప్ఫై ఏళ్ళు తంతి ఆఫీసులో టెలిగ్రాములు కొట్టి, ఆ ఆఫీసు మూతపడ్డాక డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి ఆవిడ. ఈ ఆరేళ్ళలో ఆ చప్పుడు నాలుగుసార్లు విని, నాలుగుసార్లూ ఆ మూత మళ్ళీ తీయించింది. ఆ సంగతి ఇన్‌స్పెక్టరు మరిచిపోలేదు. అందుకే ఆవిడ గుమ్మంలో కనబడగానే ఆయన మొహం ఆముదం తాగినట్టయింది.

టైము పదకొండు దాటి ఐదు నిమిషాలు. వాళ్ళు నిలబడింది మంచినీళ్ళు శుద్ధి చేసే కేంద్రంలో, ల్యాబును ఆనుకుని ఉన్న చిన్న గదిలో. నిన్న మధ్యాహ్నం దాకా ఈ గదిలో కూర్చుని పనిచేసిన ఆపరేటరు సాయంత్రం ఇంటికి చేరలేదు. రాత్రి చేరలేదు. తెల్లారింది, అయినా లేడు. అతనికి చిన్నప్పటి నుంచి షుగరు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఇన్సులిన్ పడాల్సిందే. ఇప్పటికి రెండు తప్పాయి. మూడోది కూడా తప్పితే మనిషి స్పృహలో ఉండడని, ఆ తర్వాత తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు పొద్దున్నే ఫోనులో చెప్పేశాడు.

ఆపరేటరు భార్య మూలనున్న స్టూలు మీద కూర్చుంది. బట్టలు కుట్టే మనిషి, వేలికి తొడుక్కున్న అంగుస్తానా కూడా తీయకుండా పరిగెత్తుకొచ్చింది. ఒళ్ళో ఐసు వేసిన ఫ్లాస్కు, అందులో ఇన్సులిన్. దాన్ని రెండు చేతులతో పట్టుకుని వదలడం లేదు.

"పిన్నీ, ఆయన వదిలేసి పోయే మనిషి కాదు. నామీద కోపమొస్తే అన్నం మానేస్తాడేమో గానీ ఇన్సులిన్ మానడు. భయం ఆయనకి."

"ఆ మెయిలు చూపించమ్మా."

ఆమె ఫోను తీసి చేతికిచ్చింది. పిన్ని కళ్ళజోడు సవరించుకుని అందరికీ వినబడేలా చదివింది. అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు తెలుగువి. సరిగ్గా మూడే లైన్లు.

"నేను వెళ్ళిపోతున్నాను. నన్ను వెతకొద్దు. నామీద కోపం పెట్టుకోకు."

బల్లకి ఆనుకుని నిలబడిన మేనేజరు తలెత్తాడు. ఈ కేంద్రానికి పెద్ద ఆయనే. ఇస్త్రీ నలగని చొక్కా, నలిగిన కళ్ళు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే. ఏం, ఇంకా ఉండాలా?"

"అదికాదండీ..." మేనేజరు ఒక్క క్షణం నీళ్ళు నమిలాడు. "రెండు నెలలుగా నీటి పరీక్ష అంకెలు మార్చింది తనేనని ఒప్పుకున్నాడు కదా, అదీ చదువుతారేమో అనుకున్నాను. పాపం, మంచివాడే. ఏ బుద్ధి పుట్టిందో."

ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. ఆయనకి ఎవరేం చెప్పినా తల ఊపడం అలవాటు, పెన్ను మూసేశాక మరీనూ. పిన్నికి ఏదో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఆఫీసుకి వేరే మెయిలు వచ్చి ఉంటుంది కాబోలు, తర్వాత అడుగుదాం అనుకుంది. ఆ 'తర్వాత' అన్న మాటకి ఆవిడ తనను తాను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటుంది.

"అంకెలు మార్చాడా? ఎందుకు మారుస్తాడండీ?" ఆపరేటరు భార్య లేచి నిలబడింది. "నీళ్ళు బాగాలేవు, చెప్తే వినడం లేదు అని ఆయనే రోజూ ఇంట్లో గోల పెడుతుంటే!"

"ఎవరు వినడం లేదన్నాడు?" పిన్ని అడిగింది.

"పేరు చెప్పలేదు పిన్నీ. పైవాళ్ళు అన్నాడంతే."

"పైవాళ్ళంటే ఈ ఊళ్ళో సగంమంది." ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. "పన్నెండింటికి మా వాళ్ళొచ్చి ఈ మిషన్ పట్టుకుపోతారు. అంతదాకా ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు. మేడం, ముఖ్యంగా మీరు."

"చూడొచ్చా?"

"కళ్ళతో చూడండి. కళ్ళకి తాళం వెయ్యలేనుగా."

పిన్ని చేతులు వెనక్కి కట్టుకుని గది చుట్టూ తిరిగింది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక పాత మిషన్, దాని పక్కన ప్రింటరు. నల్లటి తెర, దాని మీద పచ్చటి అక్షరాలు. మౌసు లేదు, బొమ్మలు లేవు. సొరుగు సగం తెరిచి ఉంది. అందులో ఇన్సులిన్ పెన్ను, మూత తీయని అన్నం డబ్బా. తలుపుకి తల ఎత్తున అద్దం పలక ఉంది. దాన్ని తుడిచి ఎన్నేళ్ళయిందో, దుమ్ము అట్టకట్టింది. ఆ దుమ్ములో లోపలివైపు రూపాయి బిళ్ళంత మేర వేలితో తుడిచిన జాడ.

పిన్ని ఆ బిళ్ళకి కన్ను ఆనించింది. నడవా మొత్తం కనబడింది.

"ఇన్‌స్పెక్టరు గారూ, నిన్న ఎవరో ఇక్కడ నిలబడి నడవాకి కాపలా కాశారు."

"ఆపరేటరే అయ్యుంటాడు. పారిపోయేవాడు చూసుకోడా?"

"పారిపోయేవాడు ప్రాణం నిలబెట్టే మందు సొరుగులో వదిలేస్తాడా?"

"కంగారులో మర్చిపోయుంటాడు."

"మూడు లైన్లు రాయడానికి తీరిక దొరికినవాడికి సొరుగు లాగడానికి తీరిక లేకపోయిందా?"

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. "చూడండి మేడం. తంతి ఆఫీసు మూతపడి ఇన్నేళ్ళయినా మీ తంతి మాత్రం ఆగడం లేదు. మీరు ఊహలు చెప్తారు, నేను కాగితం చూపించాలి. నా దగ్గర మెయిలుంది. మీ దగ్గరేముంది? దుమ్ములో వేలి జాడ!"

ఆయన అన్నది నిజమే. పిన్నికి అధికారం లేదు, ముద్ర లేదు, ఆ కీబోర్డు మీద వేలు పెట్టే హక్కు కూడా లేదు. ఉన్నదల్లా స్టూలు మీద కూర్చుని తనవంకే చూస్తున్న ఆ అమ్మాయి. ఆ మిషన్ సంగతి అడుగుదామని పిన్ని ల్యాబులోకి నడిచింది.

ల్యాబులో కెమిస్టు ఒక్కతే ఉంది. పాతికేళ్ళ పిల్ల. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"ఆ మిషన్‌లో మెయిలు ఎలా పంపుతారమ్మా? టెలిగ్రాములు కొట్టిన చేతులు నావి, ఆ భాషలో చెప్పు."

"చాలా సింపులండీ. ప్రోగ్రాం పేరు కొడితే అదే ఒక్కొక్కటీ అడుగుతుంది. ఎవరికి అంటుంది, కొట్టి ఎంటర్ నొక్కాలి. విషయం ఏంటంటుంది, అదీ కొట్టాలి. తర్వాత అసలు ఉత్తరం, లైను తర్వాత లైను. ఎంటర్ నొక్కాక ఆ లైను ఇక దిద్దుకోలేం."

"అయిపోయిందని దానికి ఎలా తెలుస్తుంది?"

"ఖాళీ లైనులో ఒక్క చుక్క. అంతే. చుక్క పెట్టి ఎంటర్ కొడితే ఉత్తరం వెళ్ళిపోతుంది. మళ్ళీ వెనక్కి రాదు." ఆ పిల్ల ఏడుపులోనే కాస్త నవ్వింది. "అందుకే మా ఆపరేటరు గారిని మేమంతా చుక్కబాబు అంటామండీ. కాగితం మీద రాసినా కింద ఒక లైనులో ఒంటి చుక్క పెట్టందే ఆయనకి తోచదు."

గుమ్మం దగ్గరికొచ్చిన ఆపరేటరు భార్య పర్సులోంచి ఒక చీటీ తీసి చూపించింది. సబ్బు, బల్బు, తెల్లదారం. కింద ఒంటరిగా ఒక చుక్క. "పదేళ్ళ నుంచి ఇంతే పిన్నీ. సామాన్ల చీటీకి కూడా చుక్కేంటయ్యా అని నేను రోజూ ఏడిపిస్తా." చీటీ మడిచి మళ్ళీ భద్రంగా దాచుకుంది.

పిన్ని కెమిస్టు వైపు తిరిగింది. "మా టెలిగ్రాముకి రెండు టైములుండేవి. ఇచ్చిన టైము, అందిన టైము. దీనికి ఉన్నాయా?"

"ఉన్నాయండీ. ఆ గదిలో మిషన్ లాగు రాస్తుంది, అంటే ఎవరు ఎప్పుడు ఏం పంపారో ఆ చిట్టా. ప్రోగ్రాం తెరవగానే పేరు, టైము పడతాయి. చుక్క పెట్టాకే పంపిన టైము, ఎక్కణ్ణుంచి పంపారో ఆ చోటు పడతాయి. ఆ లాగు చూసుకునేది చుక్కబాబు గారే. మూడు పంపుహౌసుల్లోనూ ఇలాంటి మిషన్లే ఉన్నాయి, వాటి మెయిళ్ళు కూడా దీని మీదుగానే పోతాయి."

"అక్కడ మనుషులుంటారా?"

"ఇప్పుడెవరూ ఉండరండీ. మోటార్లు వాటంతటవే నడుస్తాయి. తాళాలు మేనేజరు గారి దగ్గరుంటాయి."

గుమ్మంలోంచి చూస్తే ఆ గదిలో ప్రింటరు పైన లాగు కాగితం మీద అచ్చయి గోడకి వేలాడుతోంది. పిన్ని వేలు పెట్టకుండానే చదివింది. నిన్నటిది. తెరిచింది 3:31. పంపింది 3:42. చోటు: ల్యాబు.

"రోజూ పంపే రిపోర్టు ఎన్ని లైన్లు?"

"నలభై. ఆయన ఆరు నిమిషాల్లో కొట్టేస్తారు."

నలభై లైన్లకి ఆరు నిమిషాలు పట్టే మనిషికి మూడు లైన్లకి పదకొండు నిమిషాలు పట్టింది. ఎవడో తలుపు దగ్గర నిలబడి, నడవా చూస్తూ, ఆలోచించి ఆలోచించి చెబుతుంటే ఇతను కొట్టాడు. పిన్నికి అంతవరకు పగటి వెలుగంత స్పష్టంగా తెలిసింది. అది చెబితే ఇన్‌స్పెక్టరు చెవి కూడా కదపలేదు.

"భార్యకి రాసే చివరి ఉత్తరం మేడం. చేతులు వణుకుతాయి. నాకూ మనసుంది."

పన్నెండుకి పది నిమిషాలుంది. కెమిస్టు ధైర్యం చేసి గదిలోకి వచ్చింది. "సార్, మిషన్ పట్టుకుపోయేలోపు ఇవాళ్టి రిపోర్టు పంపాలి. ఊరంతా తాగే నీళ్ళు సార్. ఈసారి నిజం అంకెలు పంపుతాను."

ఇన్‌స్పెక్టరు గొణిగాడు గానీ ఊరి నీళ్ళంటే ఆయనా తాగేవే. "ఒక్క రిపోర్టు. నా కళ్ళ ముందు."

ఆ పిల్ల కూర్చుని పైకి బాణమున్న మీట నొక్కింది. "ప్రోగ్రాం పేరు మళ్ళీ కొట్టక్కర్లేదండీ. ఈ మీట నొక్కితే ఇంతకుముందు కొట్టినవి ఒక్కొక్కటిగా వస్తాయి. రోజూ ఇలాగే చేస్తాం."

తెర మీద ఒక్క చుక్క వచ్చింది.

"ఇదేంటి, చుక్క ఇక్కడికెందుకొచ్చింది?" అంటూ మళ్ళీ నొక్కింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు వాక్యం నిలబడింది.

"ఇన్సులిన్ తీసుకోనివ్వడం లేదు."

కెమిస్టు వెనక్కి తిరిగి పిన్నివంక చూసింది.

"నొక్కు." అంది పిన్ని.

"మేనేజరు గారికి ఏమీ తెలియదు."

"ఇంకా నొక్కు."

"రెండు నెలలుగా నీటి పరీక్ష అంకెలు మార్చింది నేనే."

మరోసారి నొక్కితే మెయిలు ప్రోగ్రాం పేరు వచ్చింది. దానికి ముందంతా మామూలే.

"ఇవి ఉత్తరంలో లేవు కదా?" ఇన్‌స్పెక్టరు ముందుకు వంగాడు. ఆయన చేతిలో పెన్ను మూత మళ్ళీ ఊడింది. అది ఐదోసారి.

"మూడో లైను తర్వాత మీ ఆపరేటరు చుక్క పెట్టేశాడు. ఉత్తరం వెళ్ళిపోయింది. తలుపు దగ్గరవాడికి ఆ సంగతి తెలియదు, చెప్పుకుంటూ పోయాడు. ఇతను కొట్టుకుంటూ పోయాడు. అమ్మాయ్, ఉత్తరం అయిపోయాక కొడితే ఆ మాటలు ఎవరికి పోతాయి?"

"ఎవరికీ పోవండీ. మిషన్ అలాంటి కమాండు లేదు అంటుంది, అంతే."

పిన్ని కళ్ళు మూసుకుంది. మెడ మీద కత్తిలాంటి మనిషిని వెనక పెట్టుకుని, ఇన్సులిన్ తీసుకోనివ్వడం లేదని అతను మొరపెట్టుకున్నది ఈ డబ్బాతో. అలాంటి కమాండు లేదని డబ్బా జవాబు చెప్పింది. ఇరవై గంటలుగా ఆ మొర ఇక్కడే పడి ఉంది. తను గంటసేపు దాని పక్కనే చేతులు కట్టుకుని తిరిగింది. ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది.

అప్పుడు ఇందాకటి ముల్లు కలుక్కుమంది.

"అంకెలు మార్చింది తనేనని ఒప్పుకున్నాడని ఇందాక మేనేజరు అన్నాడు. ఆఫీసుకి వేరే మెయిలేమైనా వచ్చిందా?"

"లేదే!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అంటూనే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"రాని మాట ఆయనకెలా తెలుసు? ఆయనే చెప్పి కొట్టించాడు కాబట్టి. అది వెళ్ళిందనే నమ్మకంతో ఉన్నాడు. నేను మూడు లైన్లూ గట్టిగా చదివి, ఆ ఒప్పుకోలు వెళ్ళలేదని ఆయన మొహం మీదే చెప్పాను." పిన్ని వెనక్కి తిరిగింది. "ఏడీ ఆయన? అమ్మాయేదీ?"

స్టూలు ఖాళీగా ఉంది. ఫ్లాస్కు కూడా లేదు.

పిన్ని పరుగులాంటి నడకతో గేటు దాకా వెళ్ళింది. వెనక ఇన్‌స్పెక్టరు. వాచ్‌మన్ రిజిస్టరు తిప్పి చూపించాడు. మేనేజరు కారు, బయటికి, 11:38. నిన్నటి పేజీలో అదే కారు, బయటికి, 3:55. షిఫ్టు మారే గోలలో మేనేజరు కారులోకి తొంగిచూసేవాడెవడు?

"అమ్మగారు కూడా ఎక్కారండీ. బస్టాండులో మీ ఆయన్ని ఎవరో చూశారట, రామ్మా అని సారే పిలిచారు. ఇన్సులిన్ ఉందా, ఇన్సులిన్ ఉందా అని రెండుసార్లు అడిగారు. ఎంత మంచివారండీ!"

"అమ్మాయికి ఫోను కొట్టండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పిన్ని తన చేతివంక చూసుకుంది. ఆ అమ్మాయి ఫోను ఇంకా తన గుప్పిట్లోనే ఉంది. మెయిలు చూపించమని తనే తీసుకుంది, తిరిగి ఇవ్వలేదు. మేనేజరు ఫోను మోగలేదు, ఆపేసి ఉంది.

"ఆ మేనేజరు ఇప్పుడు ఉత్తరం మళ్ళీ రాయించాలి," అంది పిన్ని రొప్పుతూ. "ఈసారి ఒప్పుకోలుతో సహా. అది ఆపరేటరు పేరు మీద, ఇలాంటి మిషన్ నుంచే రావాలి, లేకపోతే మీరు నమ్మరు. చావుబతుకుల్లో ఉన్నవాడి చేత రాయించాలంటే ఇన్సులిన్ చూపించాలి, పెళ్ళాన్ని చూపించాలి. పంపుహౌసులు! మూడింట్లో ఏది?"

"ఒకటి తూర్పున, ఒకటి పడమట, ఒకటి ఏటికి అవతల." ఇన్‌స్పెక్టరు అప్పటికే వైర్‌లెస్ అందుకున్నాడు. "నా దగ్గరున్నది ఒక్క జీపు మేడం. ఏదో ఒకటి చెప్పండి."

ఆ మనిషి తనని అడగడం అదే మొదటిసారి. పిన్ని దగ్గర జవాబు లేకపోవడమూ అప్పుడే జరిగింది.

మళ్ళీ గదిలోకి వచ్చేసరికి ప్రింటరు కరకరమంది. కెమిస్టు దాని పక్కనే బిగుసుకుపోయి నిలబడి ఉంది. లాగులో కొత్త లైను. ఆపరేటరు పేరు. తెరిచింది 12:06. పంపింది దగ్గర ఖాళీ. చోటు దగ్గర ఖాళీ.

"బతికే ఉన్నారండీ! కానీ చుక్క పెడితేగానీ చోటు పడదు..." కెమిస్టు నోరు నొక్కుకుంది.

పెట్టేదాకా ఎక్కడున్నాడో తెలియదు. పెట్టాక ఆ మేనేజరుకి అతనితో గానీ భార్యతో గానీ పనుండదు. నిన్న పదకొండు నిమిషాలు పట్టింది. ఇవాళ కూడా అంత పడితే ఈలోగా వైర్‌లెస్‌లో పిలిపించిన బళ్ళు మూడు దిక్కులకీ బయల్దేరతాయి. ముప్ఫై ఏళ్ళు జనం చావు కబుర్లు, పెళ్ళి కబుర్లు క్షణాల మీద అందించిన తంతి పిన్ని, జీవితంలో మొదటిసారి ఒక ఉత్తరం ఆలస్యం కావాలని కోరుకుంది.

"పెట్టకు నాయనా," అంది ఖాళీగా ఉన్న ఆ గడివంక చూస్తూ. "నెమ్మదిగా కొట్టు. తప్పులు కొట్టు. ఆ చుక్క మాత్రం పెట్టకు."

ప్రింటరు కరకరమంది.

పంపింది 12:07. చోటు: మూడో పంపుహౌసు.

ఒక్క నిమిషం. పిన్ని గుప్పిట్లో ఫోను వణికింది. భార్యకి మెయిలు. విషయం దగ్గర ఏమీ లేదు. ఆవిడ వేలితో పైకి తోసింది, కిందికి తోసింది. లోపల ఒక్క అక్షరం లేదు. ఉత్తరం మొదలుపెట్టకముందే అతను చుక్క పెట్టేశాడు.

"ఖాళీగా ఎందుకు పంపాడు?" ఇన్‌స్పెక్టరు అయోమయంగా చూశాడు.

"చోటు పంపాడయ్యా! ఈ లాగు చూసుకునేవాడు అతనే. చుక్క పెడితే ఇక్కడ ఏం పడుతుందో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?"

"ఏటికి అవతల!" వైర్‌లెస్‌లో అరుస్తూనే ఇన్‌స్పెక్టరు గుమ్మం దాటాడు. "ఎంత లేదన్నా ఇరవై ఐదు నిమిషాలు!"

పిన్ని కదలబోయి, తలుపు అద్దం మీది ఆ తుడిచిన బిళ్ళ దగ్గర ఆగిపోయింది. నిన్న ఆ మేనేజరు ఇక్కడ నిలబడి నడవా చూశాడు కాబట్టి చుక్క అతని కంటపడలేదు. ఒకసారి మోసపోయినవాడు ఇవాళ తలుపు దగ్గర నిలబడడు. కుర్చీ వెనకే నిలబడి తెరనే చూస్తూ ఉంటాడు, చుక్క పడిన క్షణంలోనే చూసేస్తాడు. ఆ సంగతి ఆపరేటరుకీ తెలుసు. తెలిసే పెట్టాడు.